పవర్ బటన్‌కి సరిగ్గా ఎదురుగా వాల్యూమ్ బటన్, ఇది ఎవరికొచ్చిన ఐడియా?

గోడమీదపిల్లి
ఈమధ్యే ఫోన్ మార్చాను. ఏ కంపెనీదో చెప్పను, చెప్తే థ్రెడ్ మొత్తం దాని మీదకే పోద్ది. బాధేంటంటే పవర్ బటన్ కుడిపక్క, సరిగ్గా దానికెదురుగా ఎడమపక్క వాల్యూమ్. సౌండ్ తగ్గిద్దామని ఒకపక్క నొక్కితే ఫోన్ జారకుండా అవతలపక్క ఏదో ఒక వేలు ఆనించాలి కదా, ఆ వేలు పోయి పోయి పవర్ మీదే పడుద్ది, స్క్రీన్ ఆరిపోద్ది. కాస్త గట్టిగా పడితే రెండూ కలిసి స్క్రీన్‌షాట్. గ్యాలరీ తెరిస్తే మనుషుల ఫొటోలకన్నా లాక్‌స్క్రీన్ ఫొటోలే ఎక్కువున్నాయి. కార్లో హోల్డర్‌లో పెడితే ఇంకో గోల, దాని చేతులు రెండూ ఆ రెండు బటన్లనే పట్టుకుని పిసుకుతాయి, పైకి జరుపుదామంటే ఫోన్ ఊగుతుంది, కిందికి దించితే అడుగునున్న పట్టీ ఛార్జింగ్ పోర్టుకి అడ్డం. డిజైన్ చేసినవాళ్ళు ఒక్కసారైనా దీన్ని చేత్తో పట్టుకుని చూడరా? అందరికీ ఇంతేనా లేక నా చెయ్యే తేడానా?

బొటనవేలు99
నీ చెయ్యి బానే ఉంది. రెండూ ఒకేపక్క ఉన్న ఫోన్ కొనుక్కోవాల్సింది, అంతే.

ఎడంచేతివాటం
"రెండూ ఒకేపక్క" అంటే ఎప్పుడూ కుడిపక్కే ఎందుకో, దాని గురించి కూడా ఎవరన్నా చెప్పండి కాస్త.

పాతకాలపోడు
ఎవరో కూర్చుని ఎదురెదురుగా పెడదాం అనుకుని పెట్టింది కాదు ఇది. మొదట్లో పవర్ బటన్ ఫోన్ నెత్తిమీద ఉండేది. 2007లో మొదటి ఐఫోన్ నుంచి 5ఎస్ దాకా అక్కడే, స్క్రీన్ 4 అంగుళాల లోపే కాబట్టి చూపుడు వేలు సులువుగా అందేది. 2014లో ఐఫోన్ 6కి 4.7, 6 ప్లస్‌కి 5.5 అంగుళాలు వచ్చేసరికి నెత్తిమీద ఎవరికి అందుద్ది, కుడిపక్కకి దించారు. వాల్యూమ్ అప్పటికే ఎడమపక్క ఉంది. అలా ఎదురుబొదురు అయిపోయాయి. శాంసంగ్ అయితే 2010లో వచ్చిన మొదటి గెలాక్సీ ఎస్ నుంచే అలా పెట్టింది, మళ్ళీ 2020లో ఎస్20 నాటికి రెండిటినీ కుడిపక్కకి తెచ్చేసింది.

స్క్రీన్‌షాట్ గోల మాత్రం హోమ్ బటన్ పోయాక ముదిరింది. అంతకుముందు ఐఫోన్‌లో పవర్, హోమ్ కలిపి నొక్కితేనే షాట్ పడేది, ఒక చేత్తో పొరపాటున అంత తేలిగ్గా పడదు. 2017లో ఐఫోన్ టెన్‌లో హోమ్ తీసేసి ఆ పని పక్కనున్న పవర్‌కీ వాల్యూమ్ పెంచే బటన్‌కీ అప్పగించారు. అంటే సరిగ్గా ఎదురెదురుగా ఉన్న జంటకే. ఆండ్రాయిడ్‌లో 2011లో 4.0 వచ్చినప్పట్నుంచీ పవర్, వాల్యూమ్ తగ్గించే బటన్. నీ ఫోన్‌లో పవర్‌కి ఎదురుగా పడింది పెంచేదా తగ్గించేదా చూడు, సగం జాతకం అక్కడే తెలుస్తుంది.

గోడమీదపిల్లి
తగ్గించేదే. ఆండ్రాయిడే. జాతకం బాలేదు.

స్క్రూడ్రైవర్
ఫోన్లు విప్పే పని నాది, లోపల్నుంచి ఎలా ఉంటుందో చెప్తా. వెనకమూత తీస్తే పైభాగంలో మెయిన్ బోర్డు, కెమెరాలు ఉంటాయి. మధ్యలో పెద్ద బ్యాటరీ. అడుగున చిన్న బోర్డు ఇంకోటి, దాని మీద ఛార్జింగ్ పోర్టు, కింది మైకు, పక్కనే స్పీకరు. ఈ రెండు బోర్డుల్నీ కలుపుతూ బ్యాటరీ మీదుగా ఒక పల్చటి ఫ్లెక్స్ కేబుల్ పోతుంది. చాలా ఫోన్లు ఇంతే.

ఇప్పుడు బటన్ అంటే మీకు బయట కనపడే ముక్క కాదు. దాని వెనక ఫ్లెక్స్ మీద చిన్న డోమ్ స్విచ్ (నొక్కితే లోపలికి వంగే రేకు బుడిపె), దాని వెనక దాన్ని గట్టిగా పట్టి ఉంచే మెటల్ పట్టీ, వాటర్‌ప్రూఫ్ ఫోనైతే చిన్న రబ్బరు రింగు కూడా. ఇదంతా కలిపితే ఫ్రేము లోపలికి కొన్ని మిల్లీమీటర్లు పోతుంది. రెండుపక్కలా బటన్లు పెడితే రెండుపక్కలా ఆ చోటు పోయినట్టే, పైగా రెండు ఫ్లెక్సులు. ఒకేపక్క పెడితే ఒక్క ఫ్లెక్స్ మీదే మూడు స్విచ్చులు వచ్చేస్తాయి, పని తక్కువ, రెండోపక్క బ్యాటరీకో సిమ్ ట్రేకో మిగులుద్ది. కాబట్టి ఈమధ్య అన్నీ ఒకపక్కకి చేరుతున్నాయంటే మీ స్క్రీన్‌షాట్ల మీద జాలిపడి కాదు.

బొటనవేలు99
@స్క్రూడ్రైవర్ మరి కుడిపక్కే ఎందుకు? ఎడంచేతివాటం అడిగింది అలాగే ఉండిపోయింది.

స్క్రూడ్రైవర్
అది కంపెనీని అడగాలి, నేను స్క్రూలు విప్పుతా అంతే. కానీ కుడిచేత్తో పట్టుకుంటే బొటనవేలు కుడిపక్కన పడుద్ది, మిగతావి ఎడమపక్క. ఎక్కువమంది కుడిచేతివాళ్ళు. పైగా ఇప్పుడు చాలా ఫోన్లకి పవర్ బటన్‌లోనే వేలిముద్ర సెన్సరు ఉంది, బొటనవేలు సహజంగా ఆగేచోట అది ఉండాలి కదా.

ఎడంచేతివాటం
అదే నా బాధ. బటన్‌లో సెన్సరు 2015లో సోనీ ఎక్స్‌పీరియా జెడ్5 అప్పుడు చూసి భలే ఉందే అనుకున్నా, ఇప్పుడు అందరూ అదే పెడుతున్నారు. ఎడమచేత్తో పట్టుకుంటే ఆ సన్నటి గీత మీద చూపుడు వేలు పెట్టాలి, అది కూడా కొస కాదు, మధ్య కణుపు దగ్గర ఆనుద్ది. వేలిముద్ర తీసుకునేటప్పుడు కొసని తీసుకుని వాడేటప్పుడు కణుపు పెడితే ఎలా గుర్తుపడుద్ది. చివరికి చూపుడు వేలునే రెండుసార్లు రిజిస్టర్ చేశా, ఒకసారి కొస ఒకసారి పక్క. అప్పట్నుంచీ బానే ఉంది. ఎడమచేతివాళ్ళు ఎవరన్నా ఉంటే ఇది చేసుకోండి.

నైట్‌డ్యూటీ
కుడిచేతివాళ్ళకీ సుఖమేం లేదు తల్లీ. జేబులోంచి తీసేలోపే బొటనవేలు నాలుగుసార్లు తగిలి "ఎక్కువసార్లు ప్రయత్నించారు, పిన్ కొట్టండి" అంటుంది. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లో తాకితే తెరుచుకోవాలా, నొక్కితేనే తెరుచుకోవాలా అని ఉంటుంది. నొక్కితేనే అన్నది పెట్టుకుంటే ఈ పోరు పోద్ది.

వీణ_టైప్‌సీ
ఒకేపక్క పెడితే ప్రాబ్లం తీరిపోద్ది అన్నట్టు మాట్లాడుతున్నారు గానీ, ఒకేపక్క ఉంటే ఏది పైన ఏది కింద అన్న పంచాయితీ మొదలవుద్ది. శాంసంగ్‌లో వాల్యూమ్ పైన, పవర్ కింద. గూగుల్ పిక్సెల్‌లో పవర్ పైన, వాల్యూమ్ కింద. మా ఇంట్లో ఆయనది ఒకరకం నాది ఒకరకం. చీకట్లో చేతికి దొరికిన ఫోన్ తీసి సౌండ్ తగ్గిద్దామని నొక్కుతా, స్క్రీన్ వెలిగి కంట్లో కొడుద్ది.

పాతకాలపోడు
ఊరందరిదీ ఒకదారి ఉలిపికట్టెదొకదారి అన్నట్టు పిక్సెల్ మొదట్నుంచీ పవర్ పైనే పెడుతూ వస్తోంది. అయితే ఒక లాభం ఉంది, పవర్ బటన్‌కి వేరే రంగు వేసేవాళ్ళు కొన్ని మోడల్స్‌లో, పిక్సెల్ 2 ఎక్స్‌ఎల్ నలుపూ తెలుపూ కలిసినదానికి నారింజరంగు బటన్ గుర్తుందా.

వీణ_టైప్‌సీ
చీకట్లో రంగేం కనపడుద్దండీ.

పాతకాలపోడు
హహ, అదీ నిజమే. చీకట్లో పనికొచ్చేది మోటరోలా చేసింది, పవర్ బటన్ మీద సన్నగా గీతలు చెక్కారు కొన్ని మోడల్స్‌లో. వేలికి గరుకు తగిలితే పవర్, నున్నగా ఉంటే వాల్యూమ్. ఇంత చిన్న విషయం మిగతావాళ్ళు ఎందుకు చెయ్యరో.

ఊరికే_చదువుతా
కేసు వేస్తే ఆ గీతలు కూడా మాయం. కేసులో బటన్ మీద వచ్చే ఉబ్బు మూడిటికీ ఒకేలా ఉంటుంది, పైగా కొన్ని కేసులు ఎంత బిర్రుగా ఉంటాయంటే నొక్కామో లేదో కూడా తెలీదు.

చార్జర్_ఏది
నా ఓటు వెనక బటన్లకి. ఎల్‌జీ జీ2, 2013. కెమెరా కింద పవర్, దానికి పైనా కిందా వాల్యూమ్. ఏ చేత్తో పట్టుకున్నా చూపుడు వేలు పోయి అక్కడే పడేది. కుడి లేదు ఎడమ లేదు. పక్కలు నున్నగా ఉండేవి, హోల్డర్ ఎంత పిసికినా ఏం కాదు. అసలు గోడమీదపిల్లి ప్రాబ్లమూ, ఎడంచేతివాటం ప్రాబ్లమూ రెండూ పదేళ్ళ కిందే తీర్చేశారు వాళ్ళు. 2021లో ఎల్‌జీ ఫోన్లే మానేసింది, ఇంకేం చెప్తాం.

బొటనవేలు99
టేబుల్ మీద పెట్టిన ఫోన్ ఆన్ చెయ్యాలంటే ఎత్తి తిప్పాలి. వేలు వెతుక్కుంటూ పోయి కెమెరా అద్దం మీద జిడ్డు. నో.

చార్జర్_ఏది
టేబుల్ మీద ఉంటే స్క్రీన్ మీద రెండుసార్లు తడితే లేచేది, జీ2లోనే ఉంది అది, ఇప్పుడు అందరూ వాడేదీ అదే. కెమెరా మీద జిడ్డు అంటావా, ఇప్పటి ఫోన్లలో వెనక సగం కెమెరాయే, బటన్ లేకపోయినా వేలు దానిమీదే ఉంటుంది.

ఎడంచేతివాటం
జీ2 విషయంలో చార్జర్‌తో పూర్తిగా ఏకీభవిస్తున్నా. ఎడమచేతివాళ్ళని రెండో రకం మనుషుల్లా చూడని ఫోన్ అదొక్కటే.

గేమ్‌ఓవర్
మీరంతా బటన్ల దగ్గరే ఆగిపోయారు. పోర్టు సంగతి మాట్లాడండి. గేమ్ ఆడుతూ ఛార్జింగ్ పెడితే ఫోన్ అడ్డంగా ఉంటుంది కదా, అడుగున ఉన్న పోర్టు పోయి సరిగ్గా అరచేతి మధ్యకి వస్తుంది. కేబుల్ తల అరచేతిలో గుచ్చుకుంటుంది, చేత్తో అటూ ఇటూ తోసి తోసి నెలలోనే కేబుల్ మెడ దగ్గర చిరుగుద్ది. పక్కనే స్పీకరు, అది కూడా చేతికింద మూసుకుపోద్ది. 2018లో ఆసుస్ ఆర్‌ఓజీ ఫోన్‌లో పొడవుపక్క మధ్యలో రెండో టైప్-సీ పోర్టు పెట్టారు. అడ్డంగా పట్టుకుంటే కేబుల్ రెండు చేతుల మధ్యలోంచి కిందికి దిగుద్ది. అది బుర్ర పెట్టి చేసిన పని.

బొటనవేలు99
రెండో పోర్టు కోసం ఎంత చోటు పోద్దో స్క్రూడ్రైవర్‌ని అడుగు, బ్యాటరీ తగ్గించి పెడతారు, అప్పుడు నువ్వే వచ్చి బ్యాటరీ రావట్లేదని ఏడుస్తావ్.

గేమ్‌ఓవర్
బ్యాటరీ రాకపోతే పక్క పోర్టులో పెట్టుకుని ఆడతా కదా. దానికేగా అది!

స్క్రూడ్రైవర్
ఇద్దరూ కరెక్టే. పక్కన పోర్టు పెట్టాలంటే బ్యాటరీని కొయ్యాలి లేదా రెండు ముక్కలు చెయ్యాలి. అడుగున పెట్టడానికి కారణం అదే, బ్యాటరీ కింద చిన్న బోర్డుకి ఎలాగూ చోటు ఉంది, పోర్టు దానిమీదే కూర్చుంటుంది. మా పనివాళ్ళకి ఇంకో సుఖం, పోర్టు పోతే ఆ చిన్న బోర్డు మార్చేస్తే చాలు, మెయిన్ బోర్డు ముట్టుకోనక్కర్లేదు. గేమ్‌ఓవర్‌కి చెప్పేది, యూ ఆకారంలో వెనక్కి తిరిగే కనెక్టరున్న కేబుళ్ళు దొరుకుతాయి, కేబుల్ ఫోన్ వెనకవైపుకి మళ్ళుతుంది, అరచేతికి తగలదు.

నైట్‌డ్యూటీ
పడుకుని ఫోన్ చూసేవాళ్ళ గురించి కూడా ఆలోచించండయ్యా. ఫోన్ అడుగు ఛాతీ మీద ఆనించి చూస్తాం కదా, కేబుల్ పెట్టామంటే ఆ బరువంతా పోర్టు మీదే. చిటికెనవేలు కింద పెట్టి మోసేవాళ్ళకీ అంతే, వేలు పెట్టే చోటే కేబుల్ ఉంటుంది. పోర్టు నెత్తిమీద ఉంటే ఈ బాధే లేదు.

వీణ_టైప్‌సీ
నెత్తిమీద ఉంటే కార్లో, స్టాండ్‌లో కేబుల్ పైనుంచి స్క్రీన్ మీదకి వేలాడుద్ది. అది ఇంకా చిరాకు.

నైట్‌డ్యూటీ
వేలాడనీ. నాకు కారు లేదు.

పాతకాలపోడు
హెడ్‌ఫోన్ జాక్ ఉన్నరోజుల్లో ఇదే యుద్ధం. ఐఫోన్‌లో 4ఎస్ దాకా జాక్ పైన ఉండేది, 2012లో 5 వచ్చినప్పుడు కిందికి మార్చారు. పైన ఉండాలనేవాళ్ళు ఫోన్ టేబుల్ మీద నిలబెట్టొచ్చు, చిటికెనవేలికి అడ్డం రాదు అనేవాళ్ళు. కింద ఉండాలనేవాళ్ళ వాదన ఏంటంటే, జేబులో ఫోన్ తలకిందులుగా వేస్తాం, వైరు పైకి ఉంటుంది, బయటికి తీసి మణికట్టు తిప్పగానే ఫోన్ నిటారుగా చేతిలో ఉంటుంది. నేను కింద పార్టీ. పార్టీలు ఇంకా కొట్టుకుంటుండగానే 2016లో మోటో జెడ్, ఆ తర్వాత కొద్ది నెలలకి ఐఫోన్ 7, జాక్ పీకేసి వివాదం పరిష్కరించారు.

ఊరికే_చదువుతా
"పీకేసి పరిష్కరించారు" హహహ

చార్జర్_ఏది
సోనీ 2020లో ఎక్స్‌పీరియా 1 మార్క్ 2లో జాక్ మళ్ళీ పెట్టింది, నెత్తిమీదే. అందరూ పీకరు.

అడ్డంగా_చూస్తా
ట్యాబ్ గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? ఫోన్‌కన్నా అక్కడ ఎక్కువ గందరగోళం. ఫోన్ ఎక్కువసేపు నిలువుగానే ఉంటుంది కాబట్టి పైన, కింద అంటే అర్థం ఉంది. ట్యాబ్‌కి పైన ఏది? నేను అడ్డంగా పెట్టి చూస్తా, మా పాప నిలువుగా పట్టుకుని చదువుతుంది. నాకు కుడిపక్కనున్న బటన్ తనకి పైన. దానికన్నా ఘోరం వాల్యూమ్, ట్యాబ్ తిప్పాక పెంచేది తగ్గించేది తారుమారు అయిపోతాయి. కుడివైపు నొక్కితే పెరగాలి అని బుర్ర అనుకుంటుంది, అది తగ్గుద్ది.

పాతకాలపోడు
దానికి ఐప్యాడ్ మినీ 6లో (2021) మందు వేశారు. యాపిల్ పెన్సిల్ (స్క్రీన్ మీద రాసే పెన్ను) అంటించుకునే చోటు కోసం పక్కనున్న వాల్యూమ్ బటన్లని పై అంచుకి మార్చాల్సి వచ్చింది, అప్పుడు ట్యాబ్ ఎటు తిరిగి ఉందో చూసుకుని ఏ బటన్ పెంచాలి ఏది తగ్గించాలి అని తనే మార్చుకునేలా చేశారు. కుడివైపుదో పైదో ఎప్పుడూ పెంచేదే. తర్వాత ఐప్యాడ్ ఓఎస్ 15.4లో ఇంకొన్ని మోడల్స్‌కీ ఇచ్చారు.

బొటనవేలు99
ఇది నాకు నచ్చదు. బటన్ అంటే ఎప్పుడూ ఒకటే పని చెయ్యాలి. తిప్పినప్పుడల్లా అర్థం మారిపోతే వేలికి అలవాటు ఎలా అవుద్ది.

అడ్డంగా_చూస్తా
అలవాటు అయ్యేది వేలికి కాదు, కంటికి. స్క్రీన్ మీద సౌండ్ గీత కుడివైపుకి పెరుగుతుంటే కుడి బటన్ నొక్కుతావా ఎడమ బటన్ నొక్కుతావా? నాకైతే తిరిగేదే కరెక్ట్. నీకు నచ్చకపోతే సెట్టింగ్స్‌లో పాత పద్ధతిలో స్థిరంగా పెట్టుకోవచ్చు, అదీ ఉంది.

ట్యాబ్‌లో నాకింకో కోపం ముందు కెమెరా. ఏళ్ళతరబడి నిలువు అంచు మీదే పెట్టారు. అడ్డంగా పెట్టి వీడియో కాల్ చేస్తే కెమెరా పక్కనుంటుంది, మనం స్క్రీన్ మధ్యలోకి చూస్తాం, అవతలివాళ్ళకి ఎటో చూస్తూ మాట్లాడుతున్నట్టు ఉంటుంది. పైగా ఎడమచేత్తో పట్టుకుంటే బొటనవేలు సరిగ్గా లెన్సు మీద. 2022లో పదో తరం ఐప్యాడ్‌కి పొడవు అంచు మీదకి తెచ్చారు, 2024లో ఎయిర్‌కీ ప్రోకీ.

వీణ_టైప్‌సీ
ఆ పదో తరం ఐప్యాడ్ సంగతి ఎత్తకు. కెమెరా సరైనచోట పెట్టారు, పోర్టు టైప్-సీ చేశారు, పెన్సిల్ మాత్రం వచ్చిన కొత్తలో పాతదే వాడాల్సి వచ్చింది, పాత పెన్సిల్‌కి లైట్నింగ్ (యాపిల్ సొంత పాత కనెక్టరు) కొస. నేరుగా పట్టేది కాదు, మధ్యలో అడాప్టరు.

ఊరికే_చదువుతా
అంతకుముందు 2015లో అయితే ఆ పెన్సిల్‌ని ఐప్యాడ్ పోర్టులోనే దూర్చి ఛార్జ్ చేసేవాళ్ళు. ట్యాబ్‌కి తోక మొలిచినట్టు. ఎవరైనా పక్కనుంచి నడిచి వెళ్తే ప్రాణం గుప్పిట్లో.

గేమ్‌ఓవర్
ట్యాబ్ అడ్డంగా పెట్టేవాళ్ళకి ఎల్ ఆకారం కేబుల్ మంచిది. టైప్-సీ ఎటు తిప్పినా పడుద్ది కాబట్టి కేబుల్ ముందుకి మళ్ళాలా వెనక్కి మళ్ళాలా మనిష్టం. తీసుకునేటప్పుడు ఒకటి చూసుకోండి, మలుపు వెడల్పువైపు తిరిగినదా సన్నంవైపు తిరిగినదా అని రెండు రకాలున్నాయి, తేడా రకం తెస్తే ట్యాబ్ అంచు వెంబడి పోవాల్సింది పోయి వెనక్కి పొడుచుకుని వస్తుంది.

కొత్తగాచేరా
పోర్టుల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా, నా ఫోన్‌లో కేబుల్ పెడితే టక్కుమని కూర్చోవట్లేదు, వదులుగా ఉంది, కొంచెం కదిలితే ఛార్జింగ్ ఆగిపోతోంది. పోర్టు పోయినట్టేనా?

స్క్రూడ్రైవర్
ఆగు, ఇప్పుడే తీర్మానించకు. నా దగ్గరికి "పోర్టు పోయింది" అని వచ్చేవాటిలో చాలావాటికి పోర్టు పోలేదు, జేబులో నూలుపోగులు, దుమ్ము లోపలికి చేరి ఉంటాయి. మనం రోజూ కేబుల్‌తో లోపలికి కూరి కూరి అడుగున అది అట్టలా గట్టిపడుద్ది. కేబుల్ పూర్తిగా లోపలికి పోదు, అందుకే ఆ టక్కు రాదు. వేరే కేబుల్ పెట్టి చూడు ముందు. అదీ అలాగే ఉంటే ఫోన్ ఆఫ్ చేసి, వెలుతురులో లోపలికి చూడు. టైప్-సీలో మధ్యలో పల్చటి నాలుక లాంటిది ఉంటుంది, దానికి చుట్టూ ఉన్న సందులో సన్నటి చెక్కపుల్లతోనో ప్లాస్టిక్ పుల్లతోనో గోడ వెంబడి మెల్లగా గీకి బయటికి లాగు. నాలుక మీద ఒత్తిడి పెట్టకు. సూది, పిన్నీసు అసలొద్దు. నోటితో ఊదొద్దు, తడి పోద్ది.

పాతకాలపోడు
ఆ నాలుక విరిగితే కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. లైట్నింగ్‌లో అయితే నాలుక కేబుల్‌కి ఉండేది, విరిగితే కేబుల్ పోయేది. టైప్-సీలో నాలుక ఫోన్‌లో ఉంది, విరిగితే పోర్టే మార్చాలి. నేను టైప్-సీ పార్టీయే గానీ ఈ ఒక్క విషయంలో లైట్నింగ్ మెరుగు.

చార్జర్_ఏది
ఒక్క విషయంలోనే. యూరప్ రూల్ పుణ్యాన 2024 డిసెంబర్ 28 నుంచి అక్కడ అమ్మే కొత్త ఫోన్లకీ ట్యాబులకీ టైప్-సీ ఉండాల్సిందే, ఐఫోన్ కూడా 2023లో 15 నుంచి మారిపోయింది. నా పేరుకి ఇక అర్థం లేకుండా పోయింది, ఏ చార్జరైనా సరిపోతోంది.

కొత్తగాచేరా
తీశాను. ఇంత ముద్ద వచ్చింది, బూడిదరంగులో. టక్కుమంది. థాంక్స్ అన్నా!!

నైట్‌డ్యూటీ
వేరే మాట. సైలెంట్ స్విచ్ గురించి ఏమంటారు? వన్‌ప్లస్‌లో 2015లో వన్‌ప్లస్ 2 నుంచి వచ్చిన స్లైడరు, ఐఫోన్‌లో పక్కనుండే చిన్న స్విచ్. జేబులోంచి తీయకుండానే వేలితో తడిమి సైలెంట్‌లో ఉందో లేదో చెప్పేసేవాణ్ణి. 2023లో ఐఫోన్ 15 ప్రోలో దాని బదులు యాక్షన్ బటన్ వచ్చింది, 2025లో వన్‌ప్లస్ 13ఎస్‌లో కూడా స్లైడర్ పోయి బటన్ వచ్చింది. నొక్కితే వైబ్రేషన్ వస్తుంది అంటారు, ఆ వైబ్రేషన్ ఆన్ అయిందనా ఆఫ్ అయిందనా అని ఆలోచించుకోవాలి మళ్ళీ.

బొటనవేలు99
స్విచ్ ఒక్క పనే చేస్తుంది, బటన్‌కి టార్చో కెమెరానో ఏదైనా పెట్టుకోవచ్చు. సైలెంట్ నుంచి నేను ఫోన్ ఎప్పుడూ తియ్యనే తియ్యను, నాకు ఆ స్విచ్ దండగ.

నైట్‌డ్యూటీ
నీకు ఎవరూ ఫోన్ చెయ్యరని చెప్పొచ్చుగా సూటిగా.

మోడరేటర్_2
:) వ్యక్తిగతం వద్దు.

వీణ_టైప్‌సీ
ఎక్కువ పనులు ఒకే బటన్ మీద పెట్టడం మంచిది కాదనే నేనూ అంటాను. పవర్ బటన్నే చూడండి, ఒకసారి నొక్కితే స్క్రీన్, రెండుసార్లు కెమెరా, పట్టి ఉంచితే అసిస్టెంటు, ఐదుసార్లు నొక్కితే ఎమర్జెన్సీ కాల్. ఫోన్ ఆఫ్ చెయ్యాలంటే మాత్రం వాల్యూమ్‌తో కలిపి నొక్కాలి! ఆ ఐదుసార్ల ఫీచర్ 2021లో ఆండ్రాయిడ్ 12తో వచ్చింది, జేబులోనే నొక్కుకుపోయి కాల్స్ వెళ్ళిపోతున్నాయని 2023లో బ్రిటన్ పోలీసులు జనానికి చెప్పుకోవాల్సి వచ్చింది. గోడమీదపిల్లీ, నీ కారు హోల్డరు పిసుకుడు గుర్తుపెట్టుకుని ఆ సెట్టింగ్ ఎలా ఉందో ఒకసారి చూసుకో. పూర్తిగా తియ్యకు, కాల్‌కి ముందు కౌంట్‌డౌన్ ఉండేలా పెట్టుకో, పొరపాటైతే ఆపొచ్చు.

గేమ్‌ఓవర్
అసలు బటన్లే లేని ఫోన్ వస్తే ఈ గొడవే ఉండదు. 2019లో మేజు జీరో, వివో అపెక్స్ అని చూపించారు గుర్తుందా, బటన్ లేదు పోర్టు లేదు.

స్క్రూడ్రైవర్
చూపించారు, ఇంటింటికీ రాలేదు. 2018లో హెచ్‌టీసీ యూ12 ప్లస్‌లో కదలని బటన్లు పెట్టారు, ఒత్తిడిని బట్టి పనిచేసేవి, రివ్యూల్లో ఎంత తిట్టుకున్నారో అందరికీ తెలుసు. ఫోన్ హ్యాంగ్ అయి స్క్రీన్ స్తంభించిపోయిందనుకో, టచ్ పనిచెయ్యదు, అప్పుడు పవర్ గట్టిగా పట్టి ఉంచితేనే రీస్టార్ట్ అవుద్ది. పోర్టు కూడా లేకపోతే సాఫ్ట్‌వేర్ పాడైన ఫోన్లోకి నేను దేంతో దూరాలి? బటన్ ఎక్కడుండాలి అని కొట్టుకోండి గానీ అది ఉండాలా వద్దా అని మాత్రం కొట్టుకోకండి.

అడ్డంగా_చూస్తా
చేతులు తడిగా ఉన్నప్పుడు, గ్లవుజులు వేసుకున్నప్పుడు కూడా బటనే దిక్కు. ఇంకోటి, చూపు సరిగా లేనివాళ్ళకి వేలికి తగిలేది ఏదో ఒకటి ఉండాలి.

పాతకాలపోడు
కెమెరా బటన్ గురించి ఎవరూ ఎత్తలేదు. విండోస్ ఫోన్ 7 రోజుల్లో ప్రతి ఫోన్‌కీ కెమెరా బటన్ ఉండి తీరాలని మైక్రోసాఫ్ట్ నియమం. సోనీలో ఇప్పటికీ ఉంది, సగం నొక్కితే ఫోకస్, పూర్తిగా నొక్కితే ఫొటో. 2024లో ఐఫోన్ 16కి కూడా కుడిపక్క కింద కెమెరా కంట్రోల్ వచ్చింది. అడ్డంగా తిప్పితే చూపుడు వేలు కింద సరిగ్గా పడేలా పెట్టారు, కానీ నిలువుగా పట్టుకున్నప్పుడు అరచెయ్యి ఆనేది కూడా అక్కడే. ఒక పట్టుకి బాగుంటే ఇంకో పట్టుకి అడ్డం, ఇది తప్పదు.

ఎడంచేతివాటం
మళ్ళీ కుడిపక్కే!! ఫోన్‌ని ఎడమచేత్తో అడ్డంగా తిప్పితే ఆ బటన్ ఎక్కడుంటుందో ఎవరైనా ఒక్కసారి పట్టుకుని చూడండి.

గోడమీదపిల్లి
ఇన్ని చెప్పారు, చేసినవి చెప్తా. స్క్రీన్ రెండుసార్లు తడితే ఆన్ ఆఫ్ అయ్యేలా పెట్టా, పవర్ ముట్టుకునే అవసరం చాలా తగ్గింది. ఎమర్జెన్సీకి కౌంట్‌డౌన్ పెట్టా. కేసు మార్చా, బటన్ చుట్టూ కాస్త ఎత్తు గట్టు ఉన్నది, వేలు ఊరికే ఆనితే నొక్కుకోదు. కారుకి అయస్కాంతం హోల్డర్ ఆర్డర్ పెట్టా, పక్కల్ని పట్టుకోదు కాబట్టి. ఇంకేమైనా ఉందా?

గేమ్‌ఓవర్
అయస్కాంతం హోల్డర్‌లో వైర్‌లెస్ ఛార్జింగ్ ఉంటే ఎండలో మ్యాప్ పెట్టుకున్నప్పుడు ఫోన్ బాగా వేడెక్కుద్ది. ఎండాకాలం కేబులే వాడు.

కొత్తగాచేరా
ఒక డౌటు. ఆన్‌లైన్‌లో ఫోన్ కొనేటప్పుడు ముందు ఫొటో వెనక ఫొటో పెడతారు, పక్కలు చూపించరు. బటన్లు ఎక్కడున్నాయో ఎలా తెలుస్తుంది?

ఊరికే_చదువుతా
ఆ మోడల్‌కి కేసులు వెతుకు. కేసు అమ్మేవాళ్ళు నాలుగు అంచులూ దగ్గరగా ఫొటో తీసి పెడతారు, ఏ బటన్ ఎక్కడ, పోర్టుకి ఎంత కోత, స్పీకర్ ఏ పక్క, జాక్ ఉందా లేదా అన్నీ కనపడతాయి. నేను ఫోన్ స్పెసిఫికేషన్ చదవకముందు కేసు ఫొటోలు చూస్తా.

వీణ_టైప్‌సీ
ఇది నాకు తట్టనే లేదు, సూపర్.

కొత్తగాచేరా
చూశా. నేను కొందామనుకున్నదానికి కుడిపక్క ఏమీ లేవు, మూడూ ఎడమపక్కే ఉన్నాయి. తెలిసింది కాబట్టి బతికిపోయా, ఇంకోటి చూసుకుంటా.

ఎడంచేతివాటం
ఆగాగు. ఆ మోడల్ పేరు చెప్పు.